పథకం ప్రకారమే చంపారా? అప్పీలులో తేలేదిలా

యావజ్జీవం, అయిదేళ్లు, మళ్లీ యావజ్జీవం. దాడి ఒకటే, సాక్ష్యం అదే. మూడు కోర్టులు దాటేసరికి శిక్ష రెండుసార్లు మారింది. పల్లెల్లో 'కావాలనే కాపుకాసి చంపారు' అన్న మాట రచ్చబండ దగ్గర పది నిమిషాల్లో తేలిపోతుంది. కోర్టులో మాత్రం దానికి రుజువు కావాలి.

19 గాయాలు

శిక్ష రెండుసార్లు మారిన ఆ కేసు 1968 జులై 23 నాటిది. అప్పటి గుంటూరు జిల్లా రొంపిచర్లలో పార్టీ కక్షలు నడుస్తున్నాయి. ఒక వర్గానికి చెందిన 55 ఏళ్ల వ్యక్తిపై నెకరికల్లు దగ్గర ప్రత్యర్థులు దుడ్డుకర్రలతో విరుచుకుపడ్డారు. ఆయన చేతులు జోడించి బతిమాలాడు. గేదెను బాదినట్టు మనిషిని బాదుతారేమిటని చూస్తున్నవారిలో ఒకరు అడ్డుచెబితే బెదిరింపే జవాబైంది. స్పృహ తప్పేదాకా కాళ్లూ చేతులూ విరగ్గొట్టారు. మొత్తం 19 గాయాలు. మర్నాడు తెల్లవారుజామున ప్రాణం పోయింది.

302 నుంచి 304కు, మళ్లీ 302కు

సెషన్స్ కోర్టు ఐపీసీ సెక్షన్ 302 (హత్య) కింద యావజ్జీవం వేసింది. ముందస్తు పథకం లేదు, ఆయువుపట్టు మీద దెబ్బ లేదు అంటూ హైకోర్టు దాన్ని సెక్షన్ 304 (హత్య కిందికి రాని నరహత్య) రెండో భాగానికి మార్చి అయిదేళ్లకు తగ్గించింది. ప్రభుత్వం అప్పీలు చేస్తే 1976లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్ని పునరుద్ధరించింది. కక్ష ఉంది, దాడి అనుకునే చేశారు అంది. కాళ్లూ చేతులూ విరగ్గొట్టడమే వాళ్ల ఉద్దేశం కావచ్చు; కానీ కావాలని చేసిన గాయాలు మామూలుగా చావుకు సరిపోయేవైతే అది హత్యే. అంటే హత్య రుజువుకు 'చంపాలన్న పథకం' తప్పనిసరి కాదు. ఉంటే కేసు గట్టిపడుతుంది.

11 అంశాలు

మనసులోని ఉద్దేశాన్ని ఎలా కొలవాలి? 2006లో ఆంధ్రప్రదేశ్‌కే చెందిన పులిచెర్ల నాగరాజు కేసులో సుప్రీంకోర్టు 11 అంశాలు చెప్పింది. ఆయుధం ఏమిటి, ఇంటి నుంచి తెచ్చారా, అక్కడే దొరికిందా? దెబ్బ ఎక్కడ, ఎంత బలంగా, ఎన్నిసార్లు? పాత పగ ఉందా? ఎదురుపడటం యాదృచ్ఛికమా, ముందే అనుకున్నదా? ఉదాహరణకు, పొలం గట్టు మీద మాటామాటా పెరిగి చేతిలోని పారతో కొట్టడం వేరు. వేటకొడవలి దాచుకుని దారి కాయడం వేరు. అయితే ఏ ఒక్క అంశంతోనూ తీర్పు రాదు, అన్నీ కలిపి చూస్తారు.

4 షరతులు

'హఠాత్తు గొడవ' అని హత్య సెక్షన్ నుంచి మినహాయింపు కోరాలంటే నాలుగూ కుదరాలి: అప్పటికప్పుడు రేగిన కొట్లాట, ముందస్తు ఆలోచన లేకపోవడం, క్షణికావేశం, క్రూరంగానో అవతలివారి అశక్తతను వాడుకునో ప్రవర్తించకపోవడం. మినహాయింపు వర్తిస్తుందని చూపాల్సింది నిందితుడే.

103, 105

2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ఐపీసీ 302 స్థానంలో సెక్షన్ 103, 304 స్థానంలో 105 వచ్చాయి. 103లో మరణశిక్ష లేదా యావజ్జీవం. 105 రెండో భాగంలో గరిష్ఠంగా పదేళ్లు.

60 రోజులు

సెషన్స్ కోర్టు యావజ్జీవం వేస్తే దోషి 60 రోజుల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవాలి. హైకోర్టు సాక్ష్యాన్నంతా మళ్లీ తూకం వేయగలదు. హత్య కేసును చిన్న సెక్షన్‌కు తగ్గించినా, నిందితుణ్ని వదిలేసినా మృతుడి వారసులకూ అప్పీలు హక్కు ఉంది. కాబట్టి తీర్పు వచ్చిన రోజే నకలుకు దరఖాస్తు పెట్టండి.