కండ పెరగాలంటే కంచం చూడండి

వ్యాయామశాలలో చేరి రెండు నెలలైనా తూనికలో ముల్లు కదలలేదని వాపోయే యువకులు ఎందరో! రోజూ చెమటోడ్చి బరువులెత్తుతారు సరే, ఇంటికి వచ్చి ఏం తింటున్నారు? చారూ అన్నం, మజ్జిగా అన్నం. గరిటెడు పప్పు పడిననాడు పండుగే!

బరువెత్తడం కండకు తాకీదు మాత్రమే. సరుకు అందించవలసినవి మాంసకృత్తులు. కసరత్తు చేసేవారికి శరీరపు బరువులో కిలోకు సుమారు 1.6 గ్రాములు చాలునని, అనేక పరిశోధనలను కలిపి చూచిన శాస్త్రజ్ఞులు 2018లో తేల్చారు. 50 కిలోల అబ్బాయికి 80 గ్రాములన్నమాట. బెదిరిపోకండి. అరలీటరు పాలలో 16, మూడు కోడిగుడ్లలో 18, గుప్పెడు వేరుసెనగ గుళ్ళలో 12, నూరు గ్రాముల కందిపప్పులో 22 ఉంటాయి. మిగిలిన 12 గ్రాములూ రోజూ తినే అన్నమే ఇస్తుంది! గుడ్డు ముట్టనివారు పెరుగూ, సెనగలూ పెంచుకోవచ్చు. డబ్బాలలో అమ్మే పొడికోసం అప్పులు చేసే కుర్రవాళ్ళను చూస్తే జాలి వేస్తుంది.

అలాగని అన్నం మానరాదు. మొత్తంమీద తిండి చాలకపోతే మాంసకృత్తులు కూడా పొయ్యిలో కట్టెలలా ఖర్చయిపోతాయి. సాయంకాలం రెండు అరటిపళ్ళూ, గ్లాసెడు పాలూ అదనంగా పుచ్చుకోండి. వారానికి పావుకిలో పెరిగితే చాలు. అంతకుమించి ఉరికితే పెరిగేది చాలావరకు బొజ్జే. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ముందుగా డాక్టరును అడగాలి.