ఫార్మాట్ చేయమంటారా?

కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చిన నాన్నగారు ఆవకాయ సీసాల మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి, "కంప్యూటర్లు చదివావుగా, వీటి సంగతి చూడు" అన్నారు. లోపల మూడు ఫ్లాపీలు. మా తాతయ్య అవనిగడ్డ దగ్గర బడిపంతులు. ఆయన రాసుకున్న జ్ఞాపకాలను 2001లో విజయవాడలో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించారు. పుస్తకం అచ్చు కాలేదు, రాతప్రతి ఎక్కడో పోయింది. మిగిలినవి ఇవే.

పాత యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఒకటి కొన్నాను. రెండు ఫ్లాపీలు బుద్ధిగా చదవబడ్డాయి. మూడోది పెట్టగానే విండోస్ అడిగింది: ఈ డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చేయమంటారా? అందులోనే 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన అధ్యాయం ఉంది.

మీకెప్పుడైనా ఈ ప్రశ్న ఎదురైతే, ఫ్లాపీ అయినా పెన్ డ్రైవ్ అయినా, వద్దనే చెప్పండి. చాలాసార్లు చెడిపోయేది దస్త్రాలు కాదు, అవి ఎక్కడున్నాయో చెప్పే మొదటి కొన్ని సెక్టార్లు. తలుపు మీద నంబరు చెరిగిపోతే ఇల్లు కూలిందనుకోం కదా!

ముందు ఫ్లాపీ మూలనున్న చిన్న బిళ్ళను జరిపి రంధ్రం తెరిచాను, ఇక దాని మీద రాయడం కుదరదు. పళ్ళెం మీద బూజు మచ్చలు కనిపించాయి. ఫ్లాపీలో హెడ్ పళ్ళేన్ని తాకుతూ చదువుతుంది, అంటే ప్రతి ప్రయత్నమూ కాస్త గీకుడే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా తుడిచి, లినక్స్‌లో గ్నూ డీడీరెస్క్యూ నడిపాను. ఇది బాగున్న చోట్లను ముందు కాపీ చేసుకుని, మొండికేసిన వాటిని చివరికి వదిలిపెడుతుంది. ఎక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి డ్రైవ్ మార్చి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. 2880 సెక్టార్లలో మొదటి రోజు 41 రాలేదు. మిత్రుడి దగ్గర తెచ్చిన ఇంకో డ్రైవ్‌లో పెడితే 17కి తగ్గాయి. ఒక్కో డ్రైవ్ హెడ్ ఒక్కో రకంగా సర్దుకుని ఉంటుంది మరి.

ఆ తర్వాత పనంతా ఇమేజ్ కాపీ మీదే. 1.44 ఎంబీ ఫ్లాపీలో సున్నా సెక్టార్ బూట్ సెక్టార్, 1 నుంచి 9 వరకు ఫ్యాట్ పట్టిక, 10 నుంచి 18 వరకు దాని నకలు. నాకు పోయింది బూట్ సెక్టారూ, మొదటి పట్టికలో కొంతా. నకలును మొదటి దాని మీద పెట్టి, బూట్ సెక్టార్‌ను మరో మంచి ఫ్లాపీ నుంచి తెచ్చి అతికించాను. పేజ్‌మేకర్ ఫైల్ పేరు కనిపించింది!

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. మిగతా రెండు ఫైళ్ళనూ తెరిచిన లిబ్రె ఆఫీస్ దీని దగ్గర మొరాయించింది. పాఠ్యం ఉన్న బైట్లను విడిగా తీస్తే అంతా ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. యూనికోడ్ కాని అను ఫాంట్ అది. అందులో తలకట్టు, కొమ్ము, వత్తు దేనికది విడి ముక్క. ఒక్క బైటు పోతే అక్షరం మారిపోతుంది. కన్వర్టర్ ఇచ్చిన తెలుగును నాన్నగారు కాగితం మీద పెన్సిల్‌తో వారం రోజులు దిద్దారు. మధ్యమధ్య ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

రాని 17లో 11 అధ్యాయానికి బయటే పడ్డాయి. మిగిలిన 6, అంటే 3072 బైట్లు, అధ్యాయంలోవే. ఒక పేజీ పైచిలుకు. నీళ్ళు తగ్గాక తాతయ్య బడికి తిరిగి వెళ్ళిన ఉదయం సరిగ్గా అక్కడే తెగింది. తనకు గుర్తున్నంత రాయమని నాన్నగారిని అడిగాను. "ఆయన మాటల మధ్య నా మాటలెందుకురా" అన్నారు. అక్కడ చుక్కలు పెట్టాను. ఆ రోజు తాతయ్య వెంట వెళ్ళింది పెద్దత్తయ్యట. ఈ ఆదివారం ఆవిడకు ఫోన్ చేస్తున్నాం.