ఐదోవంతు మందు, మేలుకునే ఎంజైము

టీకా మందు ఒంట్లో ఎక్కువ రోజులుండదు. అది మార్చి వెళ్లిన రక్షక కణాలే మిగులుతాయి. ఆ మార్పులో పెద్ద పాలు ఎంజైములది. 2016లో హైదరాబాద్ పిల్లలకు వేసిన పోలియో సూది దీనికి మంచి ఉదాహరణ.

ఆ ఏడాది ఏప్రిల్ 25న మన దేశంలో పోలియో చుక్కల్లోంచి టైప్-2 వైరస్‌ను తీసేశారు. కొద్ది వారాలకే అంబర్‌పేట్ మురుగుశుద్ధి కేంద్రం నమూనాలో, పాత చుక్కల మందు నుంచి పుట్టి రూపు మార్చుకున్న టైప్-2 వైరస్ బయటపడింది. పిల్లలెవరికీ జబ్బు రాలేదు. కానీ పాతబస్తీలాంటి ఇరుకు గల్లీల్లో, ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు సర్దుకునే చోట, ఇలాంటి వైరస్ ఇట్టే పాకుతుంది. అందుకే జూన్ 20 నుంచి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పు ఎక్కువున్న ప్రాంతాల్లో మూడు లక్షలకు పైగా పిల్లలకు టీకా వేశారు. అప్పట్లో ఆ టీకాకు ప్రపంచమంతటా కొరత. దాంతో 0.5 మిల్లీలీటర్లు వేయాల్సిన చోట 0.1 మాత్రమే, అదీ కండలోకి కాకుండా చర్మం పొరల్లోకి ఎక్కించారు. సూది సరిగ్గా పడితే జబ్బ మీద చిన్న తెల్లని పొక్కు లేస్తుంది. నారింజ తొక్క మీద ఉన్నట్టు దాని మీద సన్నని గుంటలుంటాయి. కాసేపటికి అణిగిపోతుంది.

అంత కొంచెం మందు ఎలా సరిపోతుంది? చర్మంలో డెండ్రైటిక్ కణాలు దట్టంగా కాపలా ఉంటాయి. అవి సూది మందులోని చచ్చిన వైరస్‌ను మింగి, కెథెప్సిన్ అనే ఎంజైములతో ముక్కలు చేసి, చంకలోని లింఫు గ్రంథికి చేర్చి టి-కణాలకు చూపిస్తాయి. ఆ టి-కణాల తోడుతో, వైరస్‌ను పట్టుకున్న బి-కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే కణాలు, మేలుకుంటాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఊరికే ఉన్న బి-కణంలో ఏఐడీ అనే ఎంజైము దాదాపు ఉండదు. మేలుకున్న కణంలో అది తయారవడం మొదలవుతుంది. క్యోటో విశ్వవిద్యాలయంలో తసుకు హోంజో బృందం 1999లో దీన్ని కనిపెట్టింది. యాంటీబాడీ జన్యువులో సైటోసిన్ అనే అక్షరాన్ని ఏఐడీ యురాసిల్‌గా మార్చేస్తుంది. దాన్ని సరిచేసే క్రమంలో కొత్త తేడాలు పుడతాయి. మామూలు ఉత్పరివర్తనాల కంటే ఇవి సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. వైరస్‌ను గట్టిగా పట్టే కణాలు బతుకుతాయి, మిగతావి రాలిపోతాయి. కొన్ని వారాలపాటు ఈ ఏరివేత సాగుతుంది. యాంటీబాడీ తొలిరకం ఐజీఎం నుంచి ఐజీజీకి మారడమూ ఈ ఎంజైము పనే. పుట్టుకతో ఏఐడీ జన్యువు చెడినవారి ఒంట్లో ఐజీఎం ఒక్కటే పోగుపడుతుంది, ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి.

ఇంత పదునైన కత్తిని ఎల్లకాలం ఒర బయట ఉంచకూడదు. గురి తప్పి వేరే జన్యువు మీద పడితే లింఫోమా అనే క్యాన్సర్‌కు దారితీయవచ్చు. అందుకే కణం జ్ఞాపక కణంగా మారగానే ఏఐడీ ఆగిపోతుంది.

ఒక్కసారి వేసిన ఐదోవంతు మోతాదు పూర్తి మోతాదుకు సాటి రాదు. రెండుసార్లు వేస్తే మాత్రం, ఒక పూర్తి మోతాదు కంటే మెరుగ్గా పనిచేస్తుంది. తొలిసారి మిగిలిన జ్ఞాపక కణాలే రెండోసారి త్వరగా స్పందిస్తాయి. ఇప్పుడు దేశమంతటా పసిపిల్లలకు 6, 14 వారాలప్పుడు, మళ్లీ తొమ్మిదో నెల నిండాక ఇదే 0.1 మిల్లీలీటరు సూది వేస్తున్నారు.