అంతర్ముఖ – బహిర్ముఖ శబ్దములు: స్వభావనిర్ణయ విచారము

తెలుగున మనస్తత్త్వశాస్త్ర గ్రంథములు వ్రాసినవారు ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అను పాశ్చాత్యపదములకు అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అని పేర్లు పెట్టిరి. ఈ పేర్లు నేడు బి.ఎడ్. పాఠములలోను, వారపత్రికలలోను, తుదకు పెండ్లిచూపుల మాటలలోను వినవచ్చుచున్నవి. విద్యార్థులు తామే ఏదో ప్రశ్నావళిని పూరించుకొని "నేను అంతర్ముఖిని, నన్ను వాక్యార్థసభలో నిలుపవలదు" అనుచున్నారు. అధ్యాపకులును "వాడు అంతర్ముఖుడు, సభకు పనికిరాడు" అని తేల్చివేయుచున్నారు. ఒక్క మాటతో ఒక విద్యార్థి సభకు దూరమగుచున్నప్పుడు, ఆ మాటకు లక్షణమేమి, ఆ ధర్మము వానియందున్నదనుటకు ప్రమాణమేమి అని అడుగుట శాస్త్రము చదివినవారి పని. ఆ విచారమే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగా శబ్దమును చూతము. పాశ్చాత్యపదములు రెండింటి చివరను ఉన్నది 'త్రిప్పుట' అను అర్థముగల లాటిన్ ధాతువు. అది మన వృత్ ధాతువునకు సజాతీయమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున ఆ పదములకు లోనికి మరలినవాడు, వెలికి మరలినవాడు అని అర్థము. కఠోపనిషత్తు ద్వితీయాధ్యాయ ప్రథమవల్లీ ప్రారంభమున, ఇంద్రియములు వెలుపలికి తెరచుకొనునట్లు చేయబడినవనియు, అందుచేత జీవుడు వెలుపలనే చూచుననియు, ఎవడో ఒక ధీరుడు అమృతత్వమును గోరి చూపును మరల్చి ప్రత్యగాత్మను దర్శించెననియు చెప్పబడినది. చూపు మరల్చుటను తెలుపుటకు అచట ప్రయోగింపబడిన 'ఆవృత్త' శబ్దములో ఉన్నదియు ఈ వృత్ ధాతువే. ధాతుసామ్యము ఇంత దగ్గరగా ఉన్నందువలననే అర్థభేదమును మరచుట సులభమైనది.

ఆ భేదము స్వల్పము కాదు. ఉపనిషత్తు దృష్టిలో పుట్టుకచే అందరును బహిర్ముఖులే. అంతర్ముఖత్వము సాధనచే, వైరాగ్యముచే సంపాదింపవలసినది. లలితాసహస్రనామములలో దేవి అంతర్ముఖులచే ఆరాధింపబడునదనియు, బహిర్ముఖులకు మిక్కిలి దుర్లభయనియు వెంటవెంటనే రెండు నామములు కలవు. అచట ఒకటి స్తుతి, మరియొకటి హెచ్చరిక. పాశ్చాత్యుని మాటలలో స్తుతియు లేదు, నిందయు లేదు, సాధనయు లేదు. ఇక మన వాడుకలో ఈ రెండును కాక మూడవ అర్థము పుట్టినది. 'ముఖ' శబ్దమునకు నోరు అను అర్థము కూడ ఉండుటచేత కాబోలు, అంతర్ముఖుడనగా నోరు విప్పనివాడు, బిడియస్థుడు, నలుగురిలో కలివిడి లేనివాడు అని లోకము గ్రహించుచున్నది. నోరున్నవానిదే రాజ్యము అను లోకములో ఇది నిందయే యగును. ఒకే పదము వేదాంతమున ప్రశంస, మనస్తత్త్వశాస్త్రమున సామాన్యధర్మము, బజారులో లోపము. (పురుషునకు 'అంతర్ముఖి' అనుటయు నాకు రుచింపదు. బహువ్రీహిచేతనే అర్థము సిద్ధించుచుండగా దానిపై మరల ఇన్‌ప్రత్యయమెందులకు?)

ఈ పదములకు పరిభాషాస్థానము కల్పించినవాడు స్విట్జర్లండు దేశీయుడగు కార్ల్ గుస్టావ్ యూంగ్. 1913లో మ్యూనిక్ నగరమున జరిగిన మనోవిశ్లేషకుల సభలో ఆయన ఈ భేదమును మొదట ప్రస్తావించెను. 1921లో మానసికప్రకృతులను గూర్చిన బృహద్గ్రంథమున విస్తరించెను. ఫ్రాయిడ్, ఆడ్లర్ అను ఇరువురు వైద్యులు ఒకే రోగమును చూచి భిన్నమైన సిద్ధాంతములు చేయుటకు కారణమేమన్న సందేహమే ఆయన విచారమునకు బీజములలో నొకటి. ఫ్రాయిడ్ దృష్టి వెలుపలి వస్తువులమీద, వ్యక్తులమీద నిలుచుననియు, ఆడ్లర్ దృష్టి లోపలి కర్తమీద నిలుచుననియు ఆయన భావించెను. అనగా ఈ భేదము మాటలు ఎక్కువ తక్కువలను గూర్చినది కానే కాదు. చిత్తశక్తి సహజముగా ఏ వైపునకు ప్రవహించును, ఒక వస్తువు ఎదురైనప్పుడు ఆ వస్తువే ప్రధానమగునా లేక అది తనలో రేపిన భావము ప్రధానమగునా అన్నదే ప్రశ్న. ఈ రెండు ధోరణులకు ఆలోచన, అనుభూతి, ఇంద్రియసంవేదన, స్ఫురణ అను నాలుగు వ్యాపారములను జోడించి ఆయన ఎనిమిది ప్రకృతులను వర్ణించెను. చేతనమందు ఒక ధోరణి ప్రబలినచో, అచేతనమందు దానికి విరుద్ధమైనది నిలిచి తూకము సరిచేయుచుండుననియు చెప్పెను. కావున ఆయన మతమున శుద్ధ అంతర్ముఖుడును లేడు, శుద్ధ బహిర్ముఖుడును లేడు. ఆ గ్రంథముననే ఉపనిషత్తుల ద్వంద్వ, నిర్ద్వంద్వ భావములను గూర్చి ఆయన చర్చించుట మనకు ఆసక్తికరము. 1937-38లో భారతదేశమునకు వచ్చినప్పుడు కలకత్తా, కాశీ, అలహాబాదు విశ్వవిద్యాలయములు ఆయనకు గౌరవ డాక్టరేటులనిచ్చినవి.

తరువాతి కథను సంగ్రహముగా చెప్పుదును. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ యూంగ్ మతమును ప్రశ్నావళిగా మార్చి, పదునారు ప్రకృతులను ఏర్పరచిరి. అది 1962లో ముద్రితమైనది. నేడు విద్యార్థులు పూరించుచున్న పట్టికలలో పెక్కులు దీని సంతతియే. ఇంగ్లండులో ఐసెంక్ 1947నుండి ఈ భేదమును కొలతకు లొంగు ఒక పరిమాణముగా గ్రహించెను. అంతర్ముఖుని మెదడు సహజముగానే ఎక్కువ ఉద్దీప్తమై యుండుటచేత వాడు వెలుపలి సందడిని తక్కువగా కోరుననియు, బహిర్ముఖుని విషయమున దీనికి విపర్యయమనియు 1967లో ఊహించెను. నేటి పరిశోధకులలో అధికసంఖ్యాకులు వ్యక్తిత్వమును అయిదు పరిమాణములుగా చెప్పుచు, అందు బహిర్ముఖత నొకదానిగా నిలిపిరి. కొలిచి చూడగా జనులు రెండు రాశులుగా విడిపోవుటలేదు. ఎత్తు, బరువులవలె అధికసంఖ్యాకులు నడుమనే యున్నారు. కవలలను పరీక్షించినవారు ఈ ధర్మములో సుమారు సగము భేదము వంశానుగతమని చెప్పుచున్నారు. అయినను నడుమనున్నవానిని గీతకు ఈవలనో ఆవలనో పెట్టుటయే పదునారు గదుల పద్ధతి. అందువలననే కొన్ని వారములకు మరల అదే ప్రశ్నావళిని పూరించినవారిలో పలువురికి వేరొక ప్రకృతి వచ్చుచున్నది. జాతియైనచో ఇట్లు మారునా?

ఇక మన పద్ధతిలో పరీక్షింతము. లోకము చెప్పు లక్షణము 'మితభాషిత్వము'. దీనికి అతివ్యాప్తి స్పష్టము. అలిగినవాడు, రోగి, భాష రానివాడు, పాఠము చదువక వచ్చినవాడు, అందరును మౌనముగనే యుందురు. అవ్యాప్తియు కలదు. ఏకాంతప్రియుడైన పండితుని ఎదుట ఆయన శాస్త్రమునుగూర్చి ఒక్క ప్రశ్న వేసి చూడుడు. దీపములు పెట్టువేళ దాటినను మాట ఆగదు. 'సభాభీరుత్వము' లక్షణమందురేని, భయము వేరు, ప్రకృతి వేరు. పదిమందితో చేరవలెనని తహతహలాడుచు, తప్పు పలికిన నవ్వుదురేమోయని వెనుదీయువాడు బిడియస్థుడైన బహిర్ముఖుడు. భయమేమియు లేకున్నను, చేరవలెనను కోరికయే మితముగా గలవాడు అంతర్ముఖుడు. మొదటివానికి అభ్యాసముచే భయము పోగొట్టవలెను. రెండవవానిలో పోగొట్టవలసినదే లేదు. ఈ ఇరువురిని ఒకే వరుసలో కూర్చుండబెట్టుటవలన మొదటివానికి చికిత్స తప్పినది, రెండవవానికి లేని రోగము అంటగట్టబడినది.

ప్రమాణవిషయమున కొంత నిదానింపవలెను. "నా ప్రకృతి నాకు తెలియదా" అని విద్యార్థి అడుగును. సుఖదుఃఖేచ్ఛాదులు మానసప్రత్యక్షగోచరములని నైయాయికులు అంగీకరింతురు. ఈ క్షణమున నాకు ఏకాంతము కావలెనను ఇచ్ఛ నాకు ప్రత్యక్షమే. కాని ప్రకృతి ఒక క్షణపు ఇచ్ఛ కాదు. పెక్కు ఇచ్ఛల వెనుక నిలిచిన సంస్కారము వంటిది. సంస్కారము అతీంద్రియము, కార్యముచే అనుమేయము. కావున విద్యార్థి తననుగూర్చి చెప్పునదియు అనుమానమే. అనుమానమైనచో హేతుదోషములకు లోనగును. 'వీడు అంతర్ముఖుడు, మౌనముగా నుండుటవలన' అను ప్రయోగమును తీసికొందము. ఇందు హేతువు సోపాధికము. నిర్భయస్థానమున, ఆప్తులమధ్య ఉన్నను కొంతసేపటికి ఏకాంతమును కోరుట అనునది ఇచట ఉపాధి. అంతర్ముఖత్వమున్నచోట్ల నెల్ల అది యుండును, కావున సాధ్యవ్యాపకము. మౌనమున్నచోట్ల నెల్ల ఉండదు, కావున సాధనావ్యాపకము. తడికట్టెల సంయోగము లేనిదే నిప్పునుండి పొగ రానట్లు, ఈ ఉపాధి లేనిదే మౌనమునుండి ప్రకృతి సిద్ధింపదు. కనుక స్వభావమును నిర్ణయింపదలచినవాడు తరగతిలో మౌనమును కాక, ఆ పిల్లవాడు సహాధ్యాయులతో భోజనశాలలో ఎట్లున్నాడు, పండుగ సందడి ముగిసిన మరునాడు ఉత్సాహముతో లేచినాడా, అలసి యొంటరిగా కూర్చున్నాడా అని చూడవలెను. ఒక్క దినము చాలదు, భూయోదర్శనము కావలెను.

చరకసంహిత శారీరస్థానమున సత్త్వభేదములు పదునారు చెప్పబడినవి: బ్రాహ్మాదులు శుద్ధములు ఏడు, ఆసురాదులు రాజసములు ఆరు, పాశవాదులు తామసములు మూడు. సుశ్రుతుడును ఇట్లే పరిగణించెను. అమెరికావారి పదునారును మన పదునారును ఒక్కటేయని కొందరు ఉత్సాహపరులు చెప్పవచ్చును. సంఖ్యాసామ్యము తప్ప ఇందేమియు లేదు. అవి నాలుగు ద్వంద్వముల గుణకారముచే వచ్చినవి. ఇవి గుణత్రయమును బట్టి దేవ, అసుర, పశ్వాదుల సాదృశ్యముచే చెప్పబడినవి, ఉత్తమాధమవివక్ష గలవి. అట్లే వాతప్రకృతి బహుప్రలాపి యని చరకుడు చెప్పినంతమాత్రమున వాతలుడు బహిర్ముఖుడు కాడు. చరకుని ప్రయోజనము చికిత్స. గ్రహింపదగినది వేరొకటి: విమానస్థానమున దశవిధపరీక్ష చెప్పుచు, ప్రకృతిని, వికృతిని వేర్వేరుగా పరీక్షింపుమనుట. భయముచేతనో దుఃఖముచేతనో కలిగిన మౌనమును వికృతిగా చూడక ప్రకృతిగా వ్రాసికొను నేటి తొందరపాటుకు ఆ వాక్యము చక్కని ప్రత్యాఖ్యానము.

ఈ ప్రశ్నకు మన వాఙ్మయమున సూటియైన సమాధానము వైద్యములో కాక అలంకారశాస్త్రమున దొరకుట చిత్రము. క్రీ.శ. 10వ శతాబ్దిలో ముంజుని కాలమున ధనంజయుడు దశరూపకమును రచించెను. ధనికుడు దానికి అవలోకవ్యాఖ్య వ్రాసెను. నాయకులు ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంతులని నలుగురు. ఈ శబ్దములు జాతివాచకములా అని ధనికుడు విచారించి, కావనెను. లేగ, కోడె, ఆబోతు అను పేర్లు ఒకే ఎద్దు దశలను చెప్పినట్లు, లలితాదిశబ్దములు గుణములచే ఆరోపితమైన అవస్థలను చెప్పును గాని, జన్మచేత లలితుడుగా స్థిరపడినవాడు ఎవడును లేడని ఆయన మతము. జాతియే యైనచో అది తొలగునది కాదు కనుక, మహాకవులు ఒకే పాత్రయందు విరుద్ధరూపములను వర్ణించుట అసంగతమగును. ఇందుకు మహావీరచరితములోని పరశురాముని ఉదాహరించెను. భవభూతి ఆయనను రావణుని యెడ ఉదాత్తునిగను, రామాదుల యెడ మొదట ఉద్ధతునిగను, పిదప శాంతునిగను చిత్రించెను. ఎదుట నిలిచినవాడెవడు అన్నదానినిబట్టి స్వభావము వ్యక్తమగు రీతి మారుచున్నది.

అట్లని ధనికుడు స్థిరత్వమును పూర్తిగా త్రోసివేయలేదు. అంగభూతులైన నాయకులకే ఈ మార్పు చెల్లుననియు, రామాదులగు ప్రధాననాయకులకు ఒక ప్రబంధమున ఆరంభించిన అవస్థను విడిచి వేరొకదానిని కల్పించుట న్యాయము కాదనియు నియమించెను. ఈ నియమము నాటకమునకు చెప్పినదే. కాని విద్యార్థి విషయమున ఆలోచించినచో, మన తరగతిలో వాడు అంగపాత్ర. గురువెదుట, పరీక్షాధికారి యెదుట, పెద్దవిద్యార్థుల నడుమ కనబడునది వాని అంగావస్థ. వాడు ప్రధాననాయకుడైన ప్రబంధమును మనము సాధారణముగా చూడనే చూడము. చూడనిదానిపై తీర్పు వ్రాయుచున్నాము.

నాగానందములోని జీమూతవాహనుని గూర్చియు ధనికుడు ఒక పూర్వపక్షమును ఎత్తెను. రాజ్యమును విడిచి తల్లిదండ్రుల సేవకు అడవికి పోయినవాడు, గెలువవలెనను కోరిక లేనివాడు ఉదాత్తుడెట్లగును, శాంతుడే కదాయని. దానికి ధనికుని సమాధానము: అందరిని మించుట ఉదాత్తత, దయతో, త్యాగముతో మించినవాడును విజిగీషువే, పైగా మలయవతియందు అనురాగముగలవానిని శాంతుడనుట పొసగదు. నెమ్మదితనమును చూచి ఉత్కర్షేచ్ఛ లేదని తలచు పూర్వపక్షి నేడును మన అధ్యాపకుల గదిలో కూర్చున్నాడు.

తెలుగువారి అవధానవిద్య ఇందుకు ప్రత్యక్షనిదర్శనము. అష్టావధానవేదికపై ఎనమండుగురు పృచ్ఛకులనడుమ కూర్చున్నవానిని చూచినవారు బహిర్ముఖత్వమునకు పరాకాష్ఠ యనుకొందురు. కాని అతడు చేయుచున్న పనిలో అధికభాగము లోపలిది. సమస్యను, దత్తపదిని, నిషిద్ధాక్షరిని ఏకకాలమున ధరించి, విడిచిన పాదమును మరల అందుకొనుట ధారణకు సంబంధించినది. వెలికి మరలియుండవలసినవాడు నిజముగా అప్రస్తుతప్రసంగి. అతడు సభ ముఖమును చదివి చమత్కరింపవలెను. అవధాని ఆ చమత్కారమునకు బదులిచ్చుచునే లోనున్నదానిని జారవిడువకుండవలెను. సభ పూర్తియైన పిమ్మట ఎవరితోను మాటాడక గది చేరు అవధానులుందురు. వేకువదాక గోష్ఠి నడపువారును ఉందురు. ఇరువురికిని విద్య ఒక్కటే.

ఉద్యోగమునకు మనుష్యుల నెన్నుటకు తమ పరీక్షను వాడుట నీతి కాదని మయర్స్–బ్రిగ్స్ పద్ధతిని నిర్వహించు సంస్థయే ప్రకటించినది. మనము మాత్రము పరీక్ష కూడ లేకయే, 'అంతర్ముఖుడు' అను ఊహతో వాక్యార్థమునకు పేర్లు వ్రాయునప్పుడు కొందరిని విడిచివేయుచున్నాము. శబ్దేందుశేఖరము చదువు తరగతిలో అడిగిన వెంటనే బదులు చెప్పనివానికి విషయమును ముందటి రాత్రియే తెలిపి, మరునాడు ఇరువురు ముగ్గురు సహాధ్యాయుల నడుమ పూర్వపక్షము చేయించి చూడవచ్చును. అప్పటికిని పలుకనిచో చదువలేదేమో విచారింపవలెను. పలికినచో తరువాతి పక్షమున పదిమంది యెదుట, ఆ తరువాత సభలో. లోనికి మరలినవానికి సిద్ధపడుటకు వ్యవధి కావలెను. వెలికి మరలినవానికి మాటాడుచుండగనే ఆలోచన కుదురును. రెండవవానికి ఎదురుమాట వినుటలో శిక్షణ కావలెను. అతడు అడిగిన వెంటనే లేచినాడని అందరికంటె ముందు వాని పేరు వ్రాసికొనుటయు పరీక్ష లేని తీర్పే.