జీడిమామిడి: పుట్టినిల్లు, మెట్టినిల్లు

పాయసమున జీడిపప్పు లేనిచో తెలుగింట పండుగ వెలితిగా తోచును. కాని ఆ పప్పునిచ్చు చెట్టు ఈ నేలపై పుట్టినది కాదు. దాని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దేశపు ఈశాన్య తీరము. 16వ శతాబ్దిలో పోర్చుగీసువారు దానిని మన పడమటి తీరమునకు తెచ్చిరి.

పుట్టినింట ఈ చెట్టునకు గౌరవము పండువలన కలిగినది. ఎఱ్ఱగానో పసుపుగానో ముంతవలె వ్రేలాడు ఆ పండు నిజమునకు పండు కాదు. తొడిమయే రసముతో ఉబ్బి అట్లగును. దాని కొనను అంటియుండు పిక్కయే అసలు కాయ. అచ్చటి ఆదివాసులగు టూపీలకు ఈ భేదముతో పని లేకపోయెను. వారు పండ్లు పిండి రసము త్రాగిరి. పులియబెట్టి మద్యము చేసికొనిరి. వారి భాషలో ‘అకాజు’ అనగా ఈ పండు. సంవత్సరమన్నను అదే మాట. ఏటేట వచ్చు కాపే వారికి పంచాంగమన్నమాట! ఆ మాటయే పోర్చుగీసువారి నోట నలిగి, హిందీలో ‘కాజు’గా నేటికిని నిలిచియున్నది.

పియావుయీ రాష్ట్రమున గృహిణులు ఆ రసములో జిగురు కలిపి వగరు విరిచి, తేర్చి, సీసాలకెత్తి, బంగారువన్నె వచ్చువఱకు కాచి ‘కజుయీనా’ అను పానీయము చేయుదురు. అందు మత్తు లేదు. 2014లో బ్రెజిల్ ప్రభుత్వము ఆ విద్యను జాతీయ సాంస్కృతిక సంపదగా నమోదు చేసినది. నాతాల్ నగరము చెంత ఒకే జీడిమామిడి, కొమ్మలు నేలకు వంగి వేళ్ళూనుచు, సుమారు రెండెకరములు ఆక్రమించినది. మన తిమ్మమ్మ మర్రిమానునకు దూరపు చుట్టమనవచ్చును.

మెట్టినింట కథ మారినది. ‘జీడి’ అనునది అంతకుముందే మన అడవులనున్న నల్లజీడి పేరు. చాకలివారు బట్టలపై గుర్తులు పెట్టుటకు వాడిన ఆ గింజ రసము చర్మమును పొక్కించును. క్రొత్త చెట్టు పిక్క పెంకులోను అట్టి రసమే ఉండుట చూచి, చెట్టున మామిడి పోలిక కనిపెట్టి, మనవారు రెండు పేర్లను కూర్చిరి. ఈ మూడు చెట్లును ఒకే కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. 1753లో స్వీడను పండితుడు లిన్నేయస్ దీనికి ‘అనకార్డియం’ అని పేరు పెట్టునప్పుడు, ఐరోపా వైద్యులు నల్లజీడికి వాడిన పేరునే ఎత్తుకొనెను. శాస్త్రజ్ఞునకును పల్లెవానికిని ఒకే ఊహ తట్టినది!

ఆ పెంకు నూనె నేడు వాహనముల బ్రేకులలోను, రంగులలోను చేరుచున్నది. అయితే దానిని ముందు చవిచూచునవి పలాసవంటి చోట్ల పిక్కలు కొట్టి పప్పు తీయు స్త్రీల వ్రేళ్ళు. యంత్రములు వచ్చినను చేతిపని పూర్తిగా పోలేదు. ఎంత జాగ్రత్తపడినను చర్మము నల్లబడి పొక్కును. పప్పు తెలుపు వెనుక ఈ నలుపున్నది.

మఱి పండు మాట? గోవావారు దానినుండి ‘ఫెని’ అను మద్యము దింపుదురు. నారింజకంటె అనేక రెట్లు సి విటమిను గల ఆ పండు కోసిన మఱునాటికే చెడిపోవును. వగరు గొంతు పట్టును. ఉప్పద్దుకొని తినుట పల్లెపిల్లలకు తెలియును గాని, వారు తినునది ఎంత? వేసవిలో తెలుగు తోటలయందు పిక్క సంచిలోనికి, పండు చెట్టుక్రిందికి.