వై-ఫై ఉచితమే.. పేరు చూసి నమ్మొద్దు!

ఉప్పల్, నాచారం: ఉప్పల్ రింగ్‌రోడ్డు వద్ద వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం నిరీక్షించేవారు, మెట్రో దిగి నాచారం పారిశ్రామికవాడకు బయల్దేరే కార్మికులు, స్టేడియంలో మ్యాచ్ చూసేందుకు తరలివచ్చే కుర్రకారు.. అందరి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంటోంది. డేటా అయిపోతే చుట్టుపక్కల వై-ఫై దొరుకుతుందేమోనని వెతకడం పరిపాటి. తెరపై 'ఫ్రీ' అన్న మాట కనిపించగానే వేలు దానిపైకి వెళుతుంది. ఆ పేరు ఎవరు పెట్టారన్నది మాత్రం ఎవరూ విచారించరు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

హైదరాబాద్ వాసులకు ఉచిత వై-ఫై కొత్త కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2017 జూన్‌లో 'హై-ఫై' పేరిట నగరంలో 1000 చోట్ల ఈ సదుపాయాన్ని ప్రారంభించింది. 2021 ఆగస్టులో ఒక ప్రైవేటు అంతర్జాల సంస్థతో కలిసి 3 వేల చోట్లకు విస్తరించింది. రైల్వేలో 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో మొదలైన ఉచిత వై-ఫై అదే ఏడాది కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లకు చేరింది. అనంతరం రైల్‌టెల్ సంస్థ దీనిని దేశంలో 6 వేలకు పైగా స్టేషన్లలో ఏర్పాటు చేసింది. ప్రయాణికులకు ఇది మేలు చేసిన మాట వాస్తవం. అయితే ఇలాంటి పేర్లు జనానికి అలవాటు కావడమే మోసగాళ్లకు పెట్టుబడిగా మారుతోంది.

పాత భయం.. కొత్త ముప్పు

బహిరంగ వై-ఫైలో పక్కవాడు మన సమాచారమంతా చదివేస్తాడన్న భయం ఒకప్పుడు నిజమే. 2010 అక్టోబరులో 'ఫైర్‌షీప్' అనే చిన్న సాఫ్ట్‌వేర్ విడుదలైంది. దాని సాయంతో ఒకే వై-ఫైలో ఉన్న ఇతరుల ఫేస్‌బుక్ ఖాతాలోకి పెద్దగా పరిజ్ఞానం లేనివారు సైతం చొరబడగలిగారు. ఆ కలకలం తర్వాత పెద్ద సంస్థలు మేల్కొన్నాయి. చిరునామా ముందు 'హెచ్‌టీటీపీఎస్' ఉంటే సమాచారం సంకేత భాషలోకి మారి ప్రయాణిస్తుంది. మధ్యలో పట్టుకున్నా అర్థం కాదు. నేడు బ్యాంకులు, ఈ-మెయిల్, ప్రధాన వెబ్‌సైట్లు అన్నీ ఈ పద్ధతినే పాటిస్తున్నాయి.

కాబట్టి వై-ఫై కలిపినంత మాత్రాన ఖాతా ఖాళీ అవుతుందనడం అతిశయోక్తే. కానీ ఆ తాళం గుర్తు దారి భద్రమని మాత్రమే చెబుతుంది. దారి చివర ఉన్నది దొంగ ఇల్లా, దొర ఇల్లా అన్నది చెప్పదు. నకిలీ వెబ్‌సైటుకూ ఆ తాళం ఉండవచ్చు.

వై-ఫైకి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. అడ్డుకునే యంత్రాంగం ఏదీ లేదు. సంచిలో పట్టే చిన్న పరికరానికి స్టేషన్ పేరో, హోటల్ పేరో తగిలిస్తే చాలు. పైగా ఒకసారి కలిసిన పేరును ఫోన్ గుర్తుంచుకుంటుంది. అదే పేరుతో తాళం లేని వై-ఫై మరోచోట ఎదురైతే యజమానిని అడగకుండానే కలిసిపోతుంది.

ఆస్ట్రేలియాలో జరిగిన ఉదంతం ఇందుకు నిదర్శనం. 2024 ఏప్రిల్‌లో విమానంలో అనుమానాస్పద వై-ఫైని సిబ్బంది గుర్తించి పోలీసులకు తెలిపారు. విమానాశ్రయాల్లోని ఉచిత వై-ఫై పేర్లను అనుకరించి, కలిసినవారికి ఒక నకిలీ పుటను చూపి, ఈ-మెయిల్, సామాజిక మాధ్యమాల పాస్‌వర్డ్‌లు రాబట్టినట్లు దర్యాప్తులో తేలింది. నిందితుడికి 2025 నవంబరులో ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఇక్కడ బాధితుల ఫోన్లలోకి ఎవరూ చొరబడలేదు. అడిగితే వారే రాసిచ్చారు. ఈ-మెయిల్ పాస్‌వర్డ్ చేజారితే దాని ఆధారంగా మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయవచ్చు.

ఓటీపీ ఎందుకు అడుగుతారు?

మన దేశంలో బహిరంగ వై-ఫైకి సెల్‌ఫోన్ నంబరు, ఓటీపీ తప్పనిసరి కావడానికి ఒక నేపథ్యముంది. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి తాళం లేని వై-ఫై నుంచి వెళ్లినట్లు గుర్తించారు. దీంతో 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వినియోగదారుని గుర్తింపును తప్పనిసరి చేసింది. కనుక నంబరు, ఓటీపీ అడగడం సహజమే. అంతకు మించి ఈ-మెయిల్ పాస్‌వర్డ్, కార్డు నంబరు, ఆధార్ అడిగినా, ఏదైనా యాప్ వేసుకోమన్నా వెంటనే బయటకు వచ్చేయాలి.

మరో సంగతి చాలామందికి తోచదు. "నా ఫోన్లో సిమ్ లేదు, మీ నంబరుతో ఓటీపీ ఇవ్వండి అన్నా" అని అపరిచితులు బతిమాలితే జాలిపడి ఇచ్చేవారున్నారు. ఆ తర్వాత వారు చేసే పనులన్నీ ఇచ్చినవారి నంబరుపైనే నమోదవుతాయి. రేపు పోలీసులు వెతుక్కుంటూ వచ్చేదీ ఆ నంబరు దగ్గరకే.

ఏం చేయాలి?

వార్తలు చదవడానికి, రైలు ఎక్కడుందో చూడటానికి ఉచిత వై-ఫై చాలు. బ్యాంకు పనికి, పాస్‌వర్డ్ మార్చడానికి సొంత డేటానే వాడాలి. ల్యాప్‌టాప్‌లో పని తప్పనిసరైతే సొంత ఫోన్ హాట్‌స్పాట్ మేలు. వై-ఫై పేరేమిటో అక్కడి సిబ్బందిని అడగడానికి మొహమాటం వద్దు. పని ముగిశాక ఫోన్ సెట్టింగుల్లో ఆ పేరును తొలగించి, దానంతటదే కలిసే ఏర్పాటును ఆపేయాలి. 'ఈ సైటు సురక్షితం కాదు' అన్న హెచ్చరిక వస్తే తోసుకుంటూ ముందుకెళ్లకూడదు.

ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను తాజా పరచడం కూడా ముఖ్యమే. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ పాస్‌వర్డ్ ఉన్న వై-ఫైలోనూ లోపముందని బయటపెట్టారు. సంస్థలు సవరణలు విడుదల చేసినా, తాజా పరచని పాత ఫోన్లకు అవి అందవు.

వీపీఎన్ వాడితే నిశ్చింత అన్న ప్రచారాన్నీ కొంత తగ్గించి వినాలి. అది వై-ఫై యజమాని కంట పడకుండా కాపాడుతుంది గానీ, మన రాకపోకలను వీపీఎన్ సంస్థ చేతిలో పెడుతుంది. ఉచితంగా ఇచ్చే సంస్థకు ఆదాయం ఎక్కడిదో ఆలోచించుకోవాలి.

సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారేలోపు ఖాతాను స్తంభింపజేసే అవకాశముంటుంది. బ్యాంకుకూ తెలిపి, ఫిర్యాదు సంఖ్యను రాసిపెట్టుకోవాలి. తనదీ, బ్యాంకుదీ తప్పు లేనిచోట మూడు పనిదినాల్లో తెలిపిన ఖాతాదారుపై భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఉత్తర్వుల్లో పేర్కొంది. పాస్‌వర్డో, ఓటీపీయో తానే చెప్పినవారు మాత్రం ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టాన్ని తామే మోయాలి. ఆ తర్వాత పోయే ప్రతి రూపాయీ బ్యాంకు భరించాలన్నది అదే ఉత్తర్వులోని మాట.