చెల్క మట్టి పట్టిన భాస్వరము - కంది వేరు విడిపించు విధము

రామగుండము, గోదావరిఖని చుట్టుపట్ల చెల్క సాగుచేయు రైతులకు ఒక సంగతి తెలిసినదే: ఎర్రమట్టి అంటిన పంచె ఎంత ఉతికినను తెల్లబడదు. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడు. వాడుక మాటలో తుప్పు. అది మట్టి రేణువులపై పలుచని పూతగా నుండును. పంచెను పట్టినట్లే, డబ్బిచ్చి కొన్న సూపరు ఫాస్ఫేటును కూడ అది పట్టుకొనుచున్నది.

తడిసిన తుప్పు పైభాగమున హైడ్రాక్సిలు సముదాయములు పరచుకొని యుండును. ఆమ్ల నేలలలోను, తటస్థ నేలలలోను ఆ పైభాగము ధన విద్యుదావేశము వహించును. నీటిలో కరిగిన ఫాస్ఫేటు ఋణావేశము గలది గనుక అటు లాగబడును. అంతటితో ఆగక, హైడ్రాక్సిలును తొలగించి తానే ఇనుమునకు అతుకుకొనును. ఇక వానలు కురిసినను ఊడి రాదు. గింజలలోను, పేడలోను ఉండు ఫైటిక్ ఆమ్లమునకు ఆరు ఫాస్ఫేటు కొనలు గలవు. అది ఒకేసారి పలు కొనలతో పట్టుటచే మరింత బిగియును.

యూరియా సంగతి వేరు. 1999లో పాత కర్మాగారము మూతపడిన రామగుండముననే 2021లో దాని ఉత్పత్తి మరల ప్రారంభమైనది. ఆవేశము లేని ఆ అణువు తుప్పునకు చిక్కక నీటివెంట పోవును. కనుక రెండు ఎరువులను ఒకే రీతిని చల్లుట తగదు.

చిలుము పట్టిన రాగి చెంబును మన ఇండ్లలో చింతపండుతో తోముదురు గదా! పులుపు లోహమును పట్టి చిలుమును వదిలించును. కంది వేరు చేయునదియు ఇట్టి పనియే. పటాన్‌చెరులోని ఇక్రిసాట్ సంస్థలో నొరిహారు ఏ అను జపాను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1990లో ఈ విషయము ప్రకటించిరి. కంది వేరు పిసిడిక్ ఆమ్లమును స్రవించును. ఇది చింతపండు పులుపునకు చుట్టమే. అది ఇనుమును చేజిక్కించుకొనగా భాస్వరము విడుదలై మొక్కకు అందును. జొన్నకు ఈ నేర్పు అంతగా లేదు.

రేగడిలో భాస్వరము ఎక్కువగా సున్నముతో కలిసి యుండును గనుక అచ్చట కందికి ఈ ప్రత్యేక లాభము కనబడదు. చెల్కలో మాత్రము జొన్న సాళ్ల నడుమ కంది వేయు పెద్దల పద్ధతిని విడువరాదు. రాలిన కంది ఆకును కాల్చక దున్నివేసినచో, అందలి భాస్వరము తరువాతి పైరుకు కొంత దక్కును. అయితే కంది క్రొత్తగా భాస్వరమును పుట్టించదు, ఉన్నదానిని తీయును. కావున ఎరువు బొత్తిగా మానరాదు.

సూపరు ఫాస్ఫేటును పొలమంతట చల్లక, బాగుగా చివికిన పశువుల ఎరువుతో కలిపి, విత్తనపు సాలు ప్రక్కగా కొంచెము లోతున వేయవలెను. చివికిన ఎరువులోని ఆమ్లములు తుప్పుపై చోటు కొంత ముందే ఆక్రమించును; ఎరువు ఒకచోట నుండుటచే తక్కువ మట్టికి తగులును. మోతాదును భూసార పరీక్ష చేయించి నిర్ణయించుకొనవలెను.